బొగ్గుసీమలో వైద్యుడు, రోగి, న్యాయము

భూగర్భములో పని ఆరంభించుటకు ముందు మైనింగ్ సర్దారు ఒక కర్రతో గని పైకప్పును తట్టి చూచును. గట్టి రాయి గట్టిగా పలుకును. పొరలు విడిన రాయి డొల్లగా పలుకును. ఆ ధ్వనిభేదమును బట్టి కార్మికులను ముందుకు పంపవలెనో, ముందుగా ఊతలు నిలుపవలెనో అతడు నిర్ణయించును. ఇంచుమించు అదే గంటకు గోదావరిఖని ఆసుపత్రిలో ఒక వైద్యుడు, గనిలో ముప్పదేండ్లు గడిపిన మనిషి ఛాతీని వ్రేళ్లతో తట్టి, చెవియొగ్గి వినుచుండును. ఛాతీని తట్టి రోగమును పసికట్టు పద్ధతిని 1761లో లోకమునకు ప్రకటించినవాడు ఔయెన్‌బ్రుగ్గర్ అను ఆస్ట్రియా దేశపు వైద్యుడు. ఆయన తండ్రి సత్రము నడిపినవాడు. పీపాలను తట్టి సరకెంత మిగిలినదో తెలిసికొను తండ్రి పనిలోనుండి కుమారునికి ఈ ఊహ కలిగినదని చెప్పుదురు.

సర్దారుకును వైద్యునికిని ఇంకొక పోలిక కలదు. షిఫ్టు ముగియగానే సర్దారు తాను చూచినదానిని పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను. ప్రమాదము జరిగినచో విచారణకు వచ్చిన అధికారి మొదట అడుగునది ఆ పుస్తకమునే. "అయ్యా, నేను కప్పు తట్టి చూచితిని" అని నోటితో ఎన్ని ప్రమాణములు చేసినను, పుస్తకములో లేనిచో ఆ మాటకు బలము లేదు. ఈ సంగతి గని కార్మికునికి ఒకరు చెప్పనక్కరలేదు. ఆసుపత్రిలో మాత్రము ఇటు వైద్యులు, అటు రోగులు దీనిని తరచు మరచిపోవుచున్నారు. మరచినందువలన ఇరువురికిని కలుగుచున్న నష్టమును గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుట నేడు అవసరము.

అయిదవ పాదము

మన ఆయుర్వేదాచార్యుడు చరకుడు వైద్యమునకు నాలుగు పాదములు చెప్పినాడు: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణములను సైతము ఆయన లెక్కించినాడు. జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడుచుకొనుట, భయము లేకుండుట, తన బాధను దాచక తెలియజెప్పగలుగుట. ఈ కడపటి గుణము చిన్నదిగా తోచును గాని, వైద్యమంతయు దానిపైననే నిలిచి యున్నది. రోగి చెప్పినదానిలో అసత్యము కలిసినచో వైద్యుని చేతిలోని మందు గురి తప్పును.

సింగరేణి సీమలో ఈ నాలుగింటికి తోడు అయిదవ పాదము ఒకటి కలదు. అది కంపెనీ. భూగర్భ శాస్త్రశాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతమున బొగ్గు జాడ కనుగొన్నాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీకి త్రవ్వకపు హక్కు లభించినది. 1920 డిసెంబరులో సింగరేణి కాలరీస్ కంపెనీ వెలసినది. ఇందులో 51 వంతులు తెలంగాణ ప్రభుత్వానివి, 49 వంతులు కేంద్ర ప్రభుత్వానివి. బొగ్గుతో పాటు కొత్తగూడెము, బెల్లంపల్లి, రామకృష్ణాపురము, గోదావరిఖని వంటి చోట్ల ఆసుపత్రులు, కాలనీలలో డిస్పెన్సరీలు వెలసినవి. అడవులును, పొలములును ఉన్న గోదావరీ తీరమున గనులు ఇంక్లైనుల సంఖ్యలతో పిలువబడి, ఆ సంఖ్యలే కాలనీల పేర్లుగా మారి, ఒక మహానగరపాలిక ఏర్పడినది. 2022లో రామగుండమున సింగరేణి వైద్యవిజ్ఞాన సంస్థ పేర ప్రభుత్వ వైద్యకళాశాల కూడ నెలకొన్నది.

ఇతర పట్టణములలో రోగి రుసుము చెల్లించును, వైద్యుడు చికిత్స చేయును. వ్యవహారము ఇద్దరి మధ్యది. ఇచట కార్మికుడు రోగియైనప్పుడు గదిలో కనబడని మూడవవ్యక్తి ఒకడు కూర్చుండును. వైద్యునికి జీతమిచ్చునదియు, రోగికి వేతనమిచ్చునదియు ఒక్క సంస్థయే. వైద్యుడు వ్రాసిన "సిక్" కాగితము మస్టరులో హాజరును మార్చును. "ఫిట్" కాగితము మనిషిని మరల గనిలోనికి దించును. "అన్‌ఫిట్" కాగితము ఒక కుటుంబపు భవిష్యత్తునే మార్చును. ఒక్కొక్కసారి రోగి వెంట యూనియను నాయకుడును గదిలోనికి వచ్చును. ఇన్ని ఒత్తిడుల నడుమ రోగి నోట నిజము వచ్చుట, వైద్యుని కలమున నిజము నిలుచుట ఎంత కష్టమో ఆలోచింపవలెను.

ఉచితమా, వేతనములో భాగమా?

"కంపెనీ దవాఖానాల మనకు పైసలు లేవు గద సారూ, మనమేమడుగుతం?" అను మాట కాలనీలలో పలుచోట్ల వినవచ్చును. ఈ మాటలో వినయమున్నది గాని, న్యాయము లేదు.

వైద్యసేవ వినియోగదారుల రక్షణ చట్టము పరిధిలోనికి వచ్చునా రాదా అను ప్రశ్నకు 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు సమాధానమిచ్చినది. భారత వైద్య సంఘమునకును వి. పి. శాంతకును నడుమ నడచిన వ్యాజ్యమది. రుసుము తీసికొని చేయు చికిత్స "సేవ" యనియు, అందరికిని ఉచితముగా చికిత్స చేయు ఆసుపత్రి మాత్రము ఆ చట్టమునకు వెలుపల నుండుననియు న్యాయమూర్తులు తీర్మానించిరి. కొందరి వద్ద సొమ్ము తీసికొని కొందరికి ఉచితముగా చేయుచోట, ఉచితముగా చేయించుకొన్నవారికిని హక్కు కలదనిరి. అదే తీర్పులో బొగ్గుసీమకు ముఖ్యమైన మాట ఒకటి యున్నది. ఉద్యోగ నిబంధనలలో భాగముగా యజమాని చికిత్సవ్యయము భరించుచున్నచో, ఆ ఉద్యోగికిని, అతనిపై ఆధారపడిన కుటుంబమునకును జరిగిన చికిత్స ఉచితము కానేరదు, అది సేవయే. 2007లో ఒక రైల్వే ఉద్యోగి విషయమునను, కార్మిక రాజ్యబీమా ఆసుపత్రి విషయమునను సుప్రీంకోర్టు ఇదే త్రోవలో నడచినది.

ఈ సూత్రము ప్రకారము గని కార్మికుడు చికిత్సను దానముగా పుచ్చుకొనుట లేదు. తన చెమటలో ఒక పాలు దానికై ముందే చెల్లించినాడు. విచిత్రమేమనగా, ఒకే పట్టణములో అందరికిని ఉచితముగా మందిచ్చు ప్రభుత్వాసుపత్రిలో చేరినవానికి ఈ చట్టము క్రింద ఫిర్యాదు చేయు దారి లేదు; కంపెనీ ఆసుపత్రిలో చేరిన కార్మికునికి ఆ దారి కలదు. మొదటివానికి సివిలు కోర్టు మొదలైన ఇతర మార్గములే శరణ్యము.

2019లో కొత్త చట్టము వచ్చి, 2020 జులై 20 నుండి అమలైనప్పుడు, "సేవ" నిర్వచనములో ఆరోగ్యమను మాట కనబడలేదు గనుక వైద్యులు దీనినుండి బయటపడిరని కొందరు తలచిరి. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది. ఫిర్యాదునకు కారణము కలిగిన నాటినుండి రెండేండ్లలోపల జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవలెను. న్యాయవాది లేకనే స్వయముగా వాదించుకొనవచ్చును.

ఏది తప్పు, ఏది దురదృష్టము?

హక్కు తెలిసినంత మాత్రమున వివేకము కలుగదు. ఆసుపత్రిలో చేరిన మనిషి మరణించెను గనుక వైద్యుడు తప్పు చేసినాడనుట తర్కము గాదు. పైకప్పు కూలినంత మాత్రమున సర్దారు దోషి యగునా? అతడు తట్టి చూచెనా, చూచినదానిని బట్టి చేయవలసినది చేసెనా, అనునదే ప్రశ్న.

వైద్యుని విషయమున ఈ గీటురాయిని 1957లో బోలమ్ అను వ్యాజ్యమున ఇంగ్లండు న్యాయస్థానము చూపినది. అదే విద్యలో బాధ్యత గల నిపుణులు అంగీకరించు పద్ధతిని అనుసరించిన వైద్యుడు, ఫలితము చెడినను, నిర్లక్ష్యదోషికాడు. అసమానప్రతిభను న్యాయము వైద్యునినుండి కోరదు. సామాన్యముగా ఒక సమర్థుడు చూపు శ్రద్ధను మాత్రమే కోరును. 2005 ఆగస్టు 5న జేకబ్ మాథ్యూ తీర్పులో మన సుప్రీంకోర్టు ఈ గీటురాయిని ఆమోదించి, మరియొక గీత గీసినది. నష్టపరిహారము ఇప్పించుటకు నిర్లక్ష్యము చాలును. జైలుకు పంపుటకు ఘోరమైన నిర్లక్ష్యము ఉండవలెను. మరియొక సమర్థుడైన వైద్యుని అభిప్రాయము లేకుండ ప్రైవేటు ఫిర్యాదును విచారణకు స్వీకరింపరాదు; దర్యాప్తు చేయు అధికారి నిష్పక్షపాతియైన వైద్యుని, ప్రభుత్వ వైద్యుడైన మరీ మంచిది, అభిప్రాయము తీసికొనవలెను; కేసు పెట్టబడినది గదా యని వైద్యుని మామూలుగా అరెస్టు చేయరాదు.

2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత నిర్లక్ష్యము వలన మరణము కలిగించినవానికి అయిదేండ్ల వరకు శిక్ష విధించుచున్నది. రిజిస్టరైన వైద్యుడు చికిత్సా సందర్భములో చేసిన నిర్లక్ష్యమునకు మాత్రము రెండేండ్లు పరిమితి. వైద్యుడు నేరస్థుని వంటివాడు కాడను గ్రహింపు చట్టములోనే కలదు. అయినను ఆ రెండేండ్ల మాట అతని తలపై వ్రేలాడుచునే యున్నది.

హైదరాబాదు నుండి రెండు పాఠములు

తెలుగునాట జరిగిన రెండు ఉదంతములు ఈ సూత్రములకు రూపమిచ్చినవి.

1990లో ఇరువది యేండ్ల ఇంజనీరింగు విద్యార్థి ఒకడు మాటిమాటికి వచ్చు జ్వరముతో హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు వెళ్లినాడు. ఛాతీలో గడ్డ కనబడినది. వెన్నుపూసల చెంతనున్న ఆ గడ్డను శస్త్రచికిత్సతో తొలగించిరి. ఆ యువకుడు నడుము క్రింది భాగమున చలనము కోల్పోయి మేల్కొన్నాడు. వ్యాజ్యము 2009 మే వరకు సాగినది. చక్రాల కుర్చీలో కూర్చుండి ఆయన సుప్రీంకోర్టులో తన వాదము తానే వినిపించినాడు. గడ్డ స్వభావమును పరీక్షించుటకు ఇచ్చిన సమ్మతి దానిని తొలగించుటకు సమ్మతి కాదనియు, నాడీ శస్త్రవైద్యుని ముందుగా సంప్రదింపకపోవుట లోపమనియు కోర్టు నిర్ణయించి, కోటి రూపాయల పరిహారము ఇప్పించినది.

రెండవది 2002 నాటిది. మలేరియా శాఖలో అధికారియైన ఒక గృహస్థు చలిజ్వరముతో బాధపడుచున్న భార్యను హైదరాబాదులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చినాడు. అచట టైఫాయిడుకు చికిత్స చేసిరి, మలేరియాకు చేయలేదు. పరిస్థితి విషమించి మరియొక ఆసుపత్రికి తరలించగా ఆమె మరణించినది. జిల్లా ఫోరము రెండు లక్షల రూపాయలు పరిహారముగా ఇప్పించినది. పై కమిషనులు నిపుణుని సాక్ష్యము లేదని కొట్టివేసినవి. 2010 మార్చిలో సుప్రీంకోర్టు జిల్లా ఫోరము తీర్పునే నిలబెట్టినది. తప్పు తనంతట తానే కనబడుచున్నప్పుడు నిపుణుని సాక్ష్యము ప్రతి వ్యాజ్యమునను అనివార్యము గాదని చెప్పినది. మలేరియా శాఖలో ఆయుష్షు గడపిన మనిషి ఇంటిలోనే ఆ జ్వరము ఇంత పని చేయుట విధి వైపరీత్యము.

మొదటి ఉదంతము సమ్మతిని గూర్చి హెచ్చరించుచున్నది. 2008 జనవరిలో వెలువడిన సమీరా కోహ్లీ తీర్పు దానికి స్పష్టమైన రూపమిచ్చినది. చికిత్స స్వభావమేమి, ప్రయోజనమేమి, ప్రమాదమేమి, వేరు మార్గములున్నవా, చేయించుకొనకున్న ఏమగును, ఈ సంగతులు రోగికి తెలియజెప్పిన పిదపనే సమ్మతి తీసికొనవలెను. ప్రాణాపాయము ముంచుకొని వచ్చిన తరుణమున తప్ప, ఒక పనికిచ్చిన సమ్మతి మరియొక పనికి చెల్లదు.

బొగ్గుసీమలో రాత్రి పదిగంటలకు జరుగు తతంగమును తలచుకొనుడు. తెలివిలో నున్న తండ్రి మంచము మీద పడుకొని యుండగా, వరండాలో నిలుచున్న కొడుకు చేతికి ఆంగ్లములో అచ్చొత్తిన కాగితమిచ్చి "ఇక్కడ సంతకం పెట్టు" అందురు. కొడుకు చదువడు, తండ్రికి చెప్పరు. అది సంతకమే గాని సమ్మతి కాదు. వయసు వచ్చి, తెలివిలో నున్న మనిషి తన దేహమునకు తానే యజమాని. ఇచట తెలుగువారితో పాటు ఉత్తరప్రదేశ్, బీహారు, ఒడిశాల నుండి వచ్చి మూడు తరములుగా స్థిరపడినవారును కలరు. రోగికి తెలిసిన భాషలో అయిదు నిమిషములు మాట్లాడి, ఆ మాట్లాడినది రెండు పంక్తులలో కేసుషీటున వ్రాసికొన్న వైద్యునికి, తరువాత పదేండ్లకు కోర్టులో నిలువవలసి వచ్చినను భయము లేదు.

కాగితము కోరు రోగి

"రోగి కోరినదీ పాలే, వైద్యుడు చెప్పినదీ పాలే" అని మన సామెత. బొగ్గుసీమలో ఈ సామెతకు చేదు అర్థమొకటి పుట్టినది. లోకములో రోగి "నన్ను బాగుచేయుడు" అని వేడుకొనును. ఇచట ఒకొక్క రోగి "నేను బాగుపడనని వ్రాయుడు" అని వేడుకొనును.

దానికి కారణము దురాశ యని త్రోసివేయుట అన్యాయము. గనిలో పనికి శాశ్వతముగా అనర్హుడైన కార్మికుని ఆశ్రితునికి ఉద్యోగమిచ్చు ఏర్పాటు జాతీయ బొగ్గు వేతన ఒప్పందములలో కలదు. వారసత్వ ఉద్యోగముల పేర వచ్చిన పథకమును 2017 మార్చిలో హైకోర్టు కొట్టివేసినది; తదుపరి అనారోగ్యముతో అనర్హులైనవారి ఆశ్రితులకు కారుణ్య నియామకముల పద్ధతి నడచుచున్నది. కొత్తగూడెములో కూర్చుండు మెడికల్ బోర్డు నిర్ణయమే దీనికి మూలము. చదివి ఇంట కూర్చున్న కొడుకు, పెండ్లికెదిగిన కూతురు, ఇంకను నాలుగైదేండ్ల సర్వీసు, అరిగిన మోకాళ్లు, మెట్లెక్కినంతనే వచ్చు దమ్ము. ఈ లెక్కలన్నియు వేసికొని ఆ మనిషి బోర్డు ముందు నిలుచును. నిజముగా రోగి యైనవానికి కాగితము రాదేమోనని భయము. రోగము లేనివానికి వచ్చునేమోనని ఆశ. ఈ భయాశల నడుమ దళారి పుట్టును.

వైద్యునికి ఇది కత్తి అంచు. అసత్య ధ్రువపత్రమిచ్చిన వైద్యుని పేరును రిజిస్టరునుండి తొలగించుటకు 2002 నాటి వైద్య వృత్తిధర్మ నియమములు వీలు కల్పించుచున్నవి. న్యాయసంహిత ప్రకారము అది నేరము కూడను. ప్రతి ధ్రువపత్రమునకు నకలు ఉంచవలెననియు, రోగి గుర్తింపు చిహ్నములు, సంతకమో వ్రేలిముద్రయో తీసికొనవలెననియు ఆ నియమములే చెప్పుచున్నవి. దయతో ఒకనికి వ్రాసిన అబద్ధము, రేపు నిజమైన రోగి తెచ్చిన నిజమును అనుమానాస్పదము చేయును. అందరును దొంగలే యను భావము బోర్డు మనసులో నాటుకొన్నచో, ఊపిరి అందని మనిషి తన ఊపిరికి సాక్ష్యము తెచ్చుకొనవలసి వచ్చును. దళారికి ఇచ్చిన ప్రతి రూపాయి తోడి కార్మికుని ఛాతీమీద మోపిన బరువు.

దీనికి వెనుకవైపు మరియొక అబద్ధము కలదు; దానిని గూర్చి మనము తక్కువగా మాట్లాడుదుము. 1952 నాటి గనుల చట్టము గాయపడిన కార్మికుడు 72 గంటలు గాని అంతకు మించి గాని పనికి రాలేకపోయినచో ఆ గాయమును నివేదింపదగినదిగా పరిగణించినది. అట్టి లెక్కలున్న చోట "తేలిక పనికి తగును" అను ఒక్క మాట వ్రాసినంత మాత్రమున ఒక ప్రమాదము పట్టికలోనుండి మాయమగుటకు ఆస్కారము కలదు. పైవారి మాట మీద వ్రాయు ఆ "ఫిట్" కాగితమును అసత్య ధ్రువపత్రమే. రోగి కోరిన అబద్ధమును తిరస్కరించు వైద్యుడు, యాజమాన్యము కోరు అబద్ధమును సైతము తిరస్కరింపవలెను. అప్పుడే అతని తిరస్కారమునకు గౌరవము.

ఇక బొగ్గుదుమ్ము వలన వచ్చు ఊపిరితిత్తుల వ్యాధి, న్యుమోకోనియోసిస్. దుమ్ము ఏండ్ల తరబడి లోన పేరుకొని, మెల్లగా ఊపిరిని హరించును. దీనిని పోగొట్టు మందు లేదు. దుమ్మునుండి తప్పించుటయే ఉపాయము. 1955 నాటి గనుల నియమములు అయిదేండ్ల కొకసారి కార్మికునికి వైద్యపరీక్ష జరుపవలెనని విధించినవి. ఇట్టి వ్యాధి కలదని అనుమానించిన వైద్యుడు, కంపెనీ ఉద్యోగియైనను కాకున్నను, గనుల ప్రధాన తనిఖీ అధికారికి వ్రాతమూలకముగా తెలుపవలెనని గనుల చట్టము శాసించినది. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన వృత్తి భద్రతా స్మృతియు వైద్యునిపై ఆ బాధ్యతను ఉంచినది. పట్టణములోని ప్రైవేటు వైద్యుడు దమ్ముతో వచ్చిన రోగికి "ఆస్తమా" అని వ్రాసి మందిచ్చి పంపును. "నీవేమి పని చేసితివి? ఎన్ని యేండ్లు? ఎక్కడ?" అను మూడు ప్రశ్నలు అడిగి, ఆ జవాబులు చీటీమీద వ్రాసినచో అదియే ఒక కుటుంబమునకు పరిహారపు దారి చూపవచ్చును. కాంట్రాక్టు కార్మికుని విషయమున ఈ ప్రశ్నలు మరింత అవసరము. అతడు పీల్చునది అదే దుమ్ము. అతని పని చరిత్రను భద్రపరచు పుస్తకము మాత్రము తరచు ఎక్కడను ఉండదు.

దూరపు దారి

గోదావరిఖనినుండి హైదరాబాదు రెండువందల కిలోమీటర్లకు పైబడిన దూరము. గుండెకో, మెదడుకో దెబ్బ తగిలినవానిని పంపునప్పుడు రెఫరల్ చీటీ యొక్కటే అతని వెంట వచ్చు వైద్యుడు. ఎన్ని గంటలకు వచ్చినాడు, ఏ స్థితిలో వచ్చినాడు, ఏమి ఇచ్చితిమి, ఎందుకు పంపుచున్నాము, ఎవరితో మాట్లాడితిమి అను అయిదు సంగతులు దానిపై ఉండవలెను. "పై ఆసుపత్రికి పంపడమైనది" అను ఒక్క పంక్తి రోగిని రక్షింపదు, వ్రాసినవానిని రక్షింపదు. ప్రాణాపాయములో నున్నవానికి ప్రథమ చికిత్స చేయకుండ, పోలీసు కాగితములకో, డిపాజిటుకో నిలుపరాదని 1989 ఆగస్టులో పరమానంద కటారా తీర్పు ద్వారా సుప్రీంకోర్టు ప్రతి వైద్యునికిని, ప్రభుత్వమువాడైనను ప్రైవేటువాడైనను, కర్తవ్యము నిర్ణయించినది.

ఆగ్రహము పుట్టుచోటు

గని కార్మికుడు మృత్యువును ఎరుగనివాడు కాడు. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడవ గని ఎల్.ఇ.పి.లో నీరు ముంచుకొని వచ్చి 17 మంది మరణించిరి. అట్టి దుఃఖమును భరించిన ఊరు ఆసుపత్రి వాకిట ఎందుకు ఆగ్రహించును? మరణమును చూచి కాదు, మౌనమును చూచి. గాజు తలుపు వెనుక గంటల తరబడి ఏమి జరుగుచున్నదో ఎవరును చెప్పరు. తెల్లవారుజామున ఒక నర్సు వచ్చి "తీసుకుపోండి" అనును. రాయి లేచునది అప్పుడే.

ఆ రాయిని సమర్థింపలేము. వైద్యసిబ్బందిపై దాడిని, ఆసుపత్రి ఆస్తుల ధ్వంసమును నివారించుటకు 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేక చట్టము చేసినది. మూడేండ్ల వరకు జైలుశిక్ష కలదు. దెబ్బతిన్న వైద్యుడు మరుసటి దినమున కష్టమైన రోగిని చేర్చుకొనుటకు జంకును. "పైకి పంపుడు" అనును. దారిలో పోవు ప్రాణము ఆ రాయి వేసినవాని తమ్మునిదే కావచ్చును.

కాని చట్టము రాయిని ఆపవచ్చును గాని, నమ్మకమును పుట్టింపలేదు. నమ్మకము మాటవలన పుట్టును. పరిస్థితి విషమించుచున్నదని ముందుగానే చెప్పవలెను. చెప్పవలసినవాడు చికిత్స చేయు పెద్ద వైద్యుడే గాని, రాత్రి డ్యూటీలోని పిన్నవాడు కాడు. నిలబడి కాదు, కూర్చుండి చెప్పవలెను. పొరపాటు జరిగినచో జరిగినదని ఒప్పుకొని, "మాకును దుఃఖముగ నున్నది" అనుట వలన వైద్యుడు చిన్నవాడు కాడు.

అటుపై కాగితములు. రోగి గాని, అతని పక్షమువారు గాని కోరినచో 72 గంటలలోపల కేసు వివరములు ఇవ్వవలెననియు, చికిత్స మొదలిడిన నాటినుండి మూడేండ్లు వానిని భద్రపరుపవలెననియు 2002 నాటి నియమములు చెప్పుచున్నవి. కాగితము ఇచ్చుటకు వెనుదీసిన ఆసుపత్రిలో తప్పు లేకున్నను తప్పున్నట్లే లోకము తలచును. అన్నిటికంటె గొప్ప అవివేకము, జరిగిన తరువాత కేసుషీటును దిద్దుట. నిజాయితీగా వ్రాసిన తప్పు నిర్ణయమును న్యాయస్థానము క్షమింపవచ్చును. దిద్దిన పంక్తిని క్షమింపదు. మార్చవలసి వచ్చినచో పాత మాట కనబడునట్లు ఒక్క గీత గీసి, తేదీ, వేళ, సంతకము చేర్చవలెను.

రోగి వైపునను కర్తవ్యము కలదు. పాత చీటీలు, ఎక్స్‌రేలు ఒక సంచిలో భద్రపరచుకొనుట, మద్యమును, మానిన మందులను దాచక చెప్పుట, అర్థము కానిది మరల అడుగుట. యూనియను పెద్దలు గది వెలుపల నిలిచి రోగి రహస్యమును గౌరవించుట. చరకుడు చెప్పిన కడపటి గుణము ఇదియే.

సర్దారు పుస్తకము

రెండు నిమిషములకొక రోగిని చూడవలసిన వైద్యునితో ఇన్ని వ్రాయుమనుట, ఇంత మాట్లాడుమనుట సులభమా అని అడుగవచ్చును. సులభము కాదు. వైద్యుల సంఖ్య పెంచుట, ఓపీలో వ్రాయుటకు సహాయకులనిచ్చుట, సమ్మతి పత్రములను తెలుగు, హిందీలలో అచ్చొత్తించుట యాజమాన్యపు పని. అది చేయక, జరుగరానిది జరిగినప్పుడు వైద్యుని ఒంటరిగా బోనులో నిలబెట్టుట ధర్మము గాదు.

గనిలో సర్దారునకు సైతము తొందర కలదు. బొగ్గు కావలెనని పైనుండి ఒత్తిడి కలదు. అయినను కర్రతో కప్పును తట్టక ఒక్క మనిషినైనను ముందుకు పంపరాదు. వ్రాయక షిఫ్టు దిగరాదు. ఆ నియమము ఏ పండితుడో ఊహించినది కాదు. కూలిన కప్పుల క్రింద పోయిన ప్రాణములు నేర్పినది. ఆసుపత్రి గదిలోనికి వచ్చిన గని కార్మికుడు తన సర్దారు నుండి పొందిన శ్రద్ధనే వైద్యుని నుండి కోరుచున్నాడు: తట్టి చూడుమని, విన్నది చెప్పుమని, చెప్పినది వ్రాయుమని. ఈ మూడును జరిగిన చోట న్యాయస్థానమునకు పని తక్కువ.